ల్యాబ్ రికార్డు నుంచి ఎం-బుక్కు దాకా: కొత్త ఇంజనీరుకు మొదటి ఏడాది

ఫిజిక్స్ ల్యాబ్‌లో లోలకం ప్రయోగం గుర్తుందా? దారానికి గుండు కట్టి ఊగించి, స్టాప్‌వాచీతో కాలం కొలిచి, గురుత్వ త్వరణం లెక్క కట్టాలి. తరగతిలో అందరికీ 980 (సెం.మీ./సె²) దగ్గరే వచ్చేది. దారం పొడవు సరిగా కొలవనివారికీ అంతే, వాచీ ఆలస్యంగా నొక్కినవారికీ అంతే. జవాబు ముందే తెలుసు కనుక వెనక నుంచి లెక్క వేసుకుంటూ వచ్చి రీడింగులు నింపేవాళ్లం. రికార్డు మీద మేడమ్ సంతకం పడేది, మార్కులు వచ్చేవి.

ఉద్యోగంలో చేరిన రోజే వదిలేయాల్సిన అలవాటు ఇది. కాలేజీలో మీ కాగితం మీద మరొకరు సంతకం పెట్టారు. ఇక్కడ మీరే పెట్టాలి. ఆ సంతకాన్ని నమ్మి స్లాబు కింద సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా మోసే చెక్కల ఊతం) విప్పుతారు, మోటారు స్విచ్ వేస్తారు, కాంట్రాక్టరుకు బిల్లు చెల్లిస్తారు. ఒంగోలులో చదువుకుని, ప్రకాశం, నెల్లూరు జిల్లాల సైట్ల మీద ఇన్నేళ్లు గడిపాక నాకు అర్థమైంది ఇదే: కొత్త ఇంజనీరుకు తెలివి తక్కువై ఇబ్బంది రాదు, చూడకుండా రాసే అలవాటు వల్ల వస్తుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ అలవాటును మార్చుకోవడానికే. నాది సివిల్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అటే ఉంటాయి. మిగతా బ్రాంచీల వారికి పనిముట్లు మారతాయి, పద్ధతి మారదు.

మొదటి అడుగు: ఆఖరి సెమిస్టరులోనే పేరు సరిచేసుకోండి

కాగితాల పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మన ప్రాంతపు పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. పాన్ కార్డులో చివరికి వెళ్లిపోతుంది. బ్యాంకు ఖాతాలో అసలు ఉండదు. చదువుకునే రోజుల్లో ఎవరూ అడగరు. ఉద్యోగంలో చేరి పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిపోలకపోతే పని ఆగుతుంది. అప్పుడు సెలవు పెట్టి ఊరికి వచ్చి, ఆధార్ కేంద్రం ముందు నిలబడాల్సి వస్తుంది.

పదో తరగతి మెమోను మూలంగా పెట్టుకోండి. అందులో అక్షరాలు ఎలా ఉన్నాయో ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, డిగ్రీ మెమోలు అన్నీ అలాగే ఉండేట్టు చూడండి. తండ్రి పేరు కూడా. ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే మెమో, టీసీ చేతికి రాగానే స్కాన్ చేసి ఫోనులో, మెయిల్లో, ఇంట్లో ఒకరి దగ్గర దాచండి. చదువు కోసం అప్పు తీసుకుని ఉంటే ఇప్పుడే బ్యాంకుకు వెళ్లి వాయిదా ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోండి. సాధారణంగా కోర్సు ముగిశాక ఒక ఏడాది గడువు ఇస్తారు. ఆ ఏడాదిలోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

రెండో అడుగు: పని ఎక్కడ జరుగుతోందో వెళ్లి చూడండి

డిగ్రీ చేతికి రాగానే రాత్రి బస్సెక్కి హైదరాబాదు వెళ్లి కోచింగ్‌లో చేరడం మనకు ఆనవాయితీ అయింది. వెళ్లవద్దని అనను. సాఫ్ట్‌వేర్ మీద నిజంగా ఇష్టం ఉన్నవారు వెళ్లాలి. కానీ చివరి తేదీ పెట్టుకోకుండా వెళ్లకండి. ఆరు నెలలు అనుకుంటే ఆ తేదీని ఇంట్లో చెప్పి వెళ్లండి. ఆ తేదీ వచ్చాక కూడా ఇంకో కోర్సు, ఇంకో కోర్సు అంటూ రెండేళ్లు గడిపేసినవారిని చాలామందిని చూశాను. వారిలో తెలివైనవారే ఎక్కువ.

ఈ లోపు మన చుట్టూ ఏముందో చూడండి. కృష్ణపట్నం ఓడరేవు ఉంది. దాని పక్కనే నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్న దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. చీమకుర్తిలో నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ క్వారీలున్నాయి. తీరం పొడవునా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లున్నాయి. అక్కడ అమ్మోనియా కంప్రెసర్లు రాత్రింబవళ్లు నడుస్తాయి కనుక మెకానికల్, ఎలక్ట్రికల్ వారి అవసరం ఎప్పుడూ ఉంటుంది. శ్రీశైలం నీటిని పశ్చిమ ప్రకాశానికి తెచ్చేందుకు నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్విన వెలిగొండ పథకం ఉంది. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం ఉంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏదో ఒక పని జరుగుతూనే ఉంటుంది.

వీటిలో పెద్ద సంస్థ నేరుగా కొత్తవారిని తీసుకోవడం తక్కువ. దాని కింద పనిచేసే కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరు కింద చిన్న కాంట్రాక్టరు తీసుకుంటారు. జీతం తక్కువగా ఉంటుంది, పని మాత్రం బాగా నేర్చుకోవచ్చు. అప్రెంటిస్‌షిప్ మరో మంచి దారి. 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఏడాది శిక్షణ, నెలనెలా భృతి, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, సంస్థలకు దరఖాస్తు చేసుకోవాలి. "ఇంతేనా" అని తీసిపారేయకండి. ఏడాది పాటు ఒక ప్లాంటు లోపల తిరిగే అవకాశం బయట డబ్బిచ్చినా దొరకదు.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారికి మాత్రం రూపాయి కూడా ఇవ్వకండి. యూనిఫారం ఖర్చని, శిక్షణ డిపాజిట్టని, తిరిగి ఇస్తామని ఏ పేరుతో అడిగినా అది మోసమే. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

మూడో అడుగు: ఆఫర్ లెటరును లెక్కల కాగితంలా చదవండి

ఏడాదికి మూడు లక్షలు అన్నారనుకుందాం. పన్నెండుతో భాగించి నెలకు 25,000 అని ఇంట్లో చెప్పేస్తాం. చేతికి అంత రాదు. మూల వేతనం 12,500 అయితే సంస్థ కట్టే పీఎఫ్ వాటా 12 శాతం, అంటే 1,500, ఆ 25,000లోనే కలిపి ఉంటుంది. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేశాక సంస్థ ఇచ్చే మొత్తం) పేరుతో మూల వేతనంలో 4.81 శాతం, అంటే 601 రూపాయలు అందులోనే చూపిస్తారు. అవి తీసేస్తే 22,899. అందులోంచి మీ పీఎఫ్ వాటా 1,500, మన రాష్ట్రంలో నెలకు ఇరవై వేలు దాటిన జీతం మీద వృత్తి పన్ను 200 పోతాయి. చేతికి వచ్చేది 21,199. బీమా ప్రీమియం, మెస్ ఖర్చు కోసేట్టయితే ఇంకొంచెం తగ్గుతుంది. ఈ లెక్క చేరకముందే వేసుకుంటే మొదటి నెల జీతం వచ్చిన రోజు మనసు చివుక్కుమనదు.

తర్వాత బాండు. రెండేళ్లు పనిచేస్తాననీ, ముందే మానేస్తే ఇంత కడతాననీ రాయించుకుంటారు. శిక్షణకు నిజంగా ఖర్చు పెట్టే సంస్థ అలా అడగడంలో తప్పు లేదు. అయితే రాసిన మొత్తం అంతా ఎప్పుడూ కట్టించుకోవచ్చని అనుకోకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం రాసుకున్న మొత్తాన్ని మించకుండా, న్యాయమైన పరిహారమే రాబట్టగలరు. అలాగని సంతకం పెట్టి పారిపోవచ్చని కూడా కాదు. ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు ఉండాలి, లేదా చేరకముందే కాదనాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి బీరువాలోనూ పెట్టకండి. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, తిరిగి తెచ్చుకోండి.

నాలుగో అడుగు: మొదటి పదిహేను రోజులు ప్రాణం గురించే నేర్చుకోండి

డ్రాయింగుల కంటే ముందు, మెషీన్ల కంటే ముందు, ఈ చోట మనిషి ఎలా చనిపోయే ప్రమాదం ఉందో తెలుసుకోవాలి. వినడానికి కటువుగా ఉన్నా మాట ఇదే. ప్రతి పనిచోటుకూ దాని సొంత ప్రమాదం ఉంటుంది. పాతవారిని అడిగితే చెబుతారు.

చీమకుర్తి క్వారీలో రాయిని డైమండ్ వైరుతో కోస్తారు. ఉక్కు తీగకు పూసలు గుచ్చి, రాయి చుట్టూ తిప్పుతూ కోసే పద్ధతి అది. తీగ తెగితే ఆ పూసలు తూటాల్లా ఎగురుతాయి. కనుక వైరు తిరిగే వరుసలో ఎవరూ నిలబడకూడదు. ఫొటో కోసమైనా సరే. రొయ్యల ప్లాంటులో అమ్మోనియా లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా పరుగెత్తాలి. థర్మల్ కేంద్రంలో ఒక మోటారు విప్పుతుంటే దాని స్విచ్‌కు పనిచేసే ప్రతి ఒక్కరూ తమ తాళం వేసి, తాళంచెవి తమ జేబులోనే ఉంచుకోవాలి. "నేను చూసుకుంటాలే తమ్ముడూ" అని ఎంత దగ్గరివారు అన్నా తాళంచెవి ఇవ్వకూడదు. కట్టడాల దగ్గర ఎక్కువమంది పడేది ఎత్తు నుంచి, కప్పని గుంతల్లోకి.

సంస్థ హెల్మెట్, బూట్లు ఇస్తే సరే. ఇవ్వకపోతే మొదటి జీతంలో బూట్లు కొనుక్కోండి. చేతికి ఒక టేపు, జేబులో చిన్న పుస్తకం, పెన్ను, టార్చి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలంటారు. ఒంగోలు, మార్కాపురం వైపు సైట్లలో ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. మజ్జిగో, ఉప్పు వేసిన నీళ్లో రెండు లీటర్ల సీసా వెంట ఉంచుకోండి.

ఐదో అడుగు: మేస్త్రి దగ్గర నేర్చుకోండి, కానీ కొలత మీ చేత్తో తీయండి

ఇరవై రెండేళ్ల ఇంజనీరు ముందు యాభై ఏళ్ల మేస్త్రి నిలబడి "సార్" అంటాడు. ఆ పిలుపు మీ డిగ్రీకి దక్కిందని మరిచిపోకండి. మీరు మాత్రం "మేస్త్రి గారూ" అనండి. సెంట్రింగ్ ఎక్కడ వదులుగా ఉందో చెక్క మీద అడుగు వేసి చెప్పగలడు. చెవి పెట్టి వైబ్రేటర్ (కాంక్రీటును అదిరించి కుదించే యంత్రం) శబ్దం విని కాంక్రీటు ఎక్కడ దట్టంగా కూరుకోలేదో చెప్పగలడు. ఇవి పుస్తకంలో లేవు. అడగండి, రాసుకోండి.

అయితే ఒక్కచోట మేస్త్రికీ ఇంజనీరుకూ తగవు తప్పదు: నీళ్ల దగ్గర.

ఒక రోజును దగ్గర నుంచి చూద్దాం. మే నెల, పదకొండు గంటలు, కృష్ణపట్నం వైపు ఒక పునాది పని. మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) తిరుగుతోంది. ఎండకు కాంక్రీటు తొందరగా బిగుసుకుపోతోంది. కూలీలకు పార ఆడటం లేదు. మేస్త్రి ఒక మగ్గు నీళ్లు పోయమని సైగ చేస్తాడు. ఆయనకు అది సాయం. మీ లెక్క వేరు. ఆ చోట సముద్రపు గాలి తగులుతుంది. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం అలాంటి చోట కనీసం ఎం30 (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు మోసే) కాంక్రీటు ఉండాలి, నీటికీ సిమెంటుకూ నిష్పత్తి 0.45 దాటకూడదు. 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు. ఐదు లీటర్లు అదనంగా పడితే అది 0.55 అవుతుంది. అదనపు నీరు ఆవిరై పోయాక మిగిలేవి సన్నటి రంధ్రాలు. వాటి గుండా ఉప్పు లోపలికి వెళ్లి ఊచలను తినేస్తుంది. ఇదంతా పదేళ్ల తర్వాత పెచ్చులూడినప్పుడు కనిపిస్తుంది. అప్పటికి మేస్త్రీ ఉండడు, మీరూ ఉండరు. ఆ కట్టడం కింద మనుషులు ఉంటారు.

అలాంటప్పుడు కేకలు వేయకండి. కాంక్రీటు ఎంత పలచగా ఉందో చూసే స్లంప్ కోను తెప్పించండి. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న కోనులో కాంక్రీటు నింపి, కడ్డీతో పొరకు ఇరవై ఐదు పోట్లు పొడిచి, కోను పైకి లాగి, ఎంత కుంగిందో స్కేలుతో అందరి ముందూ కొలవండి. నిజంగా గట్టిగా ఉంటే పై ఇంజనీరుకు ఫోన్ చేసి ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా కాంక్రీటును మెత్తబరిచే రసాయనం) మోతాదు గురించి అడగండి. పని తెల్లవారుజామున మొదలుపెడదామనండి. కంకర మీద నీడ వేయించండి. మేస్త్రి బాధ నిజమైనదే కాబట్టి దానికి మార్గం చూపించాలి, నీళ్లు మాత్రం కాదు. మరో సంగతి: ఇసుక తడిగా వచ్చిన రోజు అందులోనే నీళ్లుంటాయి. ఆ మేరకు మిల్లర్‌లో పోసే నీరు తగ్గించాలి. వానాకాలంలో ఈ దిద్దుబాటు మరిచిపోయేవారు ఎందరో.

చిన్న పుస్తకం మొదటి పేజీలో మీ పనికి కావలసిన నాలుగైదు అంకెలు రాసుకోండి. నా పుస్తకంలో ఇవి ఉండేవి: ఊచ బరువు మీటరుకు కిలోల్లో కావాలంటే దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగించాలి, 12 మిల్లీమీటర్ల ఊచకు 0.889 వస్తుంది. 150 మిల్లీమీటర్ల క్యూబు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మె) ఎం25 బలం చూపాలంటే 562.5 కిలోన్యూటన్లు మోయాలి, ఎం30 అయితే 675. మెషీను ముందు నిలబడ్డప్పుడు ఈ అంకె తెలిసి ఉంటే ముల్లు ఎక్కడ ఆగిందో మీకే అర్థమవుతుంది, ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆరో అడుగు: మోకాళ్ల మీద కూర్చున్నాకే సంతకం

నా మొదటి ఉద్యోగంలో ఒక కాలువ మీద చిన్న స్లాబు. రాత్రి పొద్దుపోయింది, తెల్లారితే కాంక్రీటు. ఊచలు కట్టడం అయిపోయిందన్నారు. పైనుంచి చూశాను, రింగులు వరుసగా కనిపించాయి, తనిఖీ కాగితం మీద సంతకం పెట్టాను. సెంట్రింగ్ విప్పాక కింద రెండుచోట్ల ఊచ బయటపడి కనిపించింది. కవర్ బ్లాకులు (ఊచలు చెక్కకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు) పక్కకు జరిగిపోయి ఊచలు చెక్కకు ఆనుకున్నాయన్నమాట. వేలు పెడితే ఇనుము తగిలింది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పుడు మా పెద్ద ఇంజనీరు గారు తిట్టలేదు. "మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, కింద నుంచి చూసి అప్పుడు సంతకం పెట్టు నాయనా" అన్నారు. ఆ తర్వాత అలాగే చేశాను.

ప్రభుత్వ పనుల్లో చేరేవారికి ఎం-బుక్కు, అంటే కొలతల పుస్తకం, పరిచయమవుతుంది. పేజీలకు నంబర్లుంటాయి. చింపకూడదు, చెరపకూడదు. తప్పు పడితే ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, పొట్టి సంతకం పెట్టాలి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలత రాస్తాడు, డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) వచ్చి సరిచూస్తాడు, దాని మీదే బిల్లు వెళుతుంది. "రేపు కొలుద్దాం, ఇవాళ రాసేయండి సార్" అనే మాట ఏదో ఒక రోజు వింటారు. పూడ్చేసిన పునాదిని రేపు కొలవలేరు. కొలవనిది రాయనని మొదటిసారే మెత్తగా చెప్పండి. మొదటిసారి ఒప్పుకుంటే రెండోసారి కాదనడానికి నోరు రాదు.

ప్లాంటులో షిఫ్టు లాగ్‌బుక్కు కూడా అంతే. గంట గంటకూ బేరింగు ఉష్ణోగ్రత రాయాలి. నిన్న 62, మొన్న 62, కాబట్టి కుర్చీలో కూర్చునే ఇవాళ కూడా 62 అని రాసేస్తే, అది 70కి, 75కి ఎక్కుతున్న సంగతి కాగితంలో కనబడదు. లోలకం రీడింగులు వెనక నుంచి నింపిన అలవాటే ఈ పని చేయిస్తుంది. లేచి వెళ్లి చూడండి. ప్రోగ్రాములు రాసేవారు కూడా పరీక్షించకుండానే "పరీక్షించాను" అని పెట్టే టిక్కును ఇలాగే చూడాలి.

తప్పు జరిగితే అదే రోజు చెప్పండి. ఏం జరిగింది, ఎప్పుడు గమనించాను, ఇప్పటిదాకా ఏం చేశాను అని మూడు వాక్యాలు చాలు. సాకు తర్వాత చెప్పుకోవచ్చు, ఎవరైనా అడిగితే.

ఏడో అడుగు: రోజువారీ నివేదిక

ఇంగ్లీషు రాదన్న భయం మన పిల్లలను వెనక్కి లాగుతోంది. సైటు నివేదికకు కావలసింది భాష కంటే వివరం. "పని బాగా జరుగుతోంది" అని ఎంత మంచి ఇంగ్లీషులో రాసినా ఎవరికీ పనికిరాదు. ఇలా రాయండి: "ఉదయం 9:40 నుంచి మధ్యాహ్నం 1:15 వరకు మూడో బేలో 18 ఘనపు మీటర్ల కాంక్రీటు వేశాం. మూడు నమూనాలు, తొమ్మిది క్యూబులు తీశాం. 11:20కి వైబ్రేటర్ ఆగింది, పావుగంటలో రెండోది తెచ్చాం. రేపటికి 16 మిల్లీమీటర్ల ఊచలు చాలవు, అర టన్ను కావాలి." ముందు తెలుగులో ఆలోచించి, చిన్న వాక్యాలుగా ఇంగ్లీషులోకి మార్చుకోండి. మూడు నెలల్లో చేయి తిరుగుతుంది. సాయంత్రం ఆరింటికి నివేదిక పంపుతానంటే ఆరింటికే పంపండి.

ఎనిమిదో అడుగు: డబ్బు, చదువు, మారడం

మొదటి జీతం ఇంట్లో ఇవ్వాలనిపిస్తుంది, ఇవ్వండి. రెండో నెల నుంచి మాత్రం అద్దె, తిండి, అప్పు వాయిదా, ఇంటికి పంపేది, పక్కన పెట్టేది కాగితం మీద రాసుకోండి. మూడు నెలల ఖర్చు చేతిలో లేకుండా బండి వాయిదాలకు వెళ్లకండి. జీతాలు ఆలస్యమయ్యే రంగం ఇది.

గేట్ రాయాలనుకునేవారు ఉద్యోగంలో ఉంటూనే రాయవచ్చు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ప్రభుత్వ ఏఈ, ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఉద్యోగాల నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో ఎవరి చేతిలోనూ లేదు కనుక వాటి కోసం ఖాళీగా కూర్చోవద్దు. సైటు మీద ఏడాది గడిపి చదివితే సిలబస్ మరింత బాగా అర్థమవుతుంది.

ఏడాది, ఏడాదిన్నర తర్వాత కొత్తది నేర్చుకోవడం ఆగిపోయిందనిపిస్తే మారండి. కోపంతో మారకండి. నోటీసు గడువు పూర్తిగా పనిచేసి, మీరు చూస్తున్న డ్రాయింగులు, మిగిలిన క్యూబుల తేదీలు, రావలసిన సరుకు జాబితా రాసి వచ్చేవారి చేతికివ్వండి. రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం, ఆఖరి లెక్క తీసుకోండి. యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య, ఒక్కటే ఉండాలి, కొత్త సంస్థకు పాతదే ఇవ్వండి, డబ్బు తీసేసుకోకుండా మార్పించుకోండి. పని మానేసి వచ్చిన రెండు నెలలకు పీఎఫ్ వెబ్‌సైటులోకి వెళ్లి పాత సంస్థ మీ విడుదల తేదీ నమోదు చేసిందో లేదో చూడండి. చేయకపోతే అక్కడి అకౌంట్స్ వారికి ఆ రోజే ఫోన్ చేయండి. మీ పేరు వారికి ఇంకా గుర్తున్నప్పుడే ఆ పని తేలిగ్గా అవుతుంది.